ఏజెడ్‌డీక్రిప్ట్: జోడియాక్ సంకేత లేఖను ఛేదించిన ఉచిత సాఫ్ట్‌వేర్‌పై సమీక్ష

తనకు తానే జోడియాక్ అని పేరు పెట్టుకుని, 1968-69లో ఉత్తర కాలిఫోర్నియాలో కనీసం ఐదుగురి ప్రాణాలు తీసి, పత్రికలకు సంకేత లేఖలు పంపిన హంతకుడు ఈనాటికీ దొరకలేదు. ఆ లేఖలను చదవాలని సామాన్యులు అర్ధశతాబ్దంగా చేస్తున్న ప్రయత్నాల్లో తామూ పాలు పంచుకోవాలనుకునే వారికి నేను ముందుగా చెప్పే పేరు ఏజెడ్‌డీక్రిప్ట్. బెల్జియంలో ఒక గిడ్డంగిలో పనిచేసే యార్ల్ వాన్ ఐకె దీన్ని రాసి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. ఇది విండోస్‌లో నడుస్తుంది. 340 గుర్తుల లేఖ 51 ఏళ్ల తర్వాత 2020 డిసెంబరులో లొంగింది ఈ సాధనానికే.

దీని శక్తి ఏమిటో తెలియాలంటే ముందుగా 1969 జూలై 31న మూడు ముక్కలుగా మూడు పత్రికలకు అందేలా పంపిన 408 గుర్తుల లేఖను ఇవ్వాలి. ఇంగ్లీషులో ‘ఇ’ అక్షరం అన్నిటికన్నా ఎక్కువసార్లు వస్తుంది కనుక, దాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా హంతకుడు ఆ ఒక్క అక్షరానికే పలు గుర్తులు కేటాయించి, మొత్తం మీద 54 గుర్తులు వాడాడు. కాలిఫోర్నియాలోని సాలినస్‌లో ఉపాధ్యాయుడైన డొనాల్డ్ హార్డెన్, ఆయన భార్య బెట్టీ ఆ లేఖను వారం రోజుల్లో కాగితం మీదే విప్పారు. ఇంతటి అహంకారి ‘నేను’ అనే మాటతోనే మొదలుపెడతాడనీ, చంపడం గురించి తప్పక రాస్తాడనీ బెట్టీ ఊహించడం వారికి దారి చూపింది. అదే లేఖను ఏజెడ్‌డీక్రిప్ట్ మామూలు ల్యాప్‌టాప్ మీద కొన్ని సెకన్లలో విప్పుతుంది. అది చేసే పని చెప్పడానికి సులువే. గుర్తులకు ఏవో అక్షరాలు కేటాయించి, వచ్చిన పాఠంలో ఐదేసి, ఆరేసి అక్షరాల వరుసలు నిజమైన ఇంగ్లీషులో ఎంత తరచుగా కనిపిస్తాయో చూసి మార్కులు వేస్తుంది, ఒక కేటాయింపును మార్చి మళ్లీ మార్కులు వేస్తుంది, ఇలా క్షణంలో లెక్కలేనన్ని సార్లు సరిదిద్దుకుంటూ పోతుంది.

ఈ మార్కులు వేసే పద్ధతే దీనిలోని అసలైన గొప్పతనం అని నా అభిప్రాయం. 340 గుర్తుల లేఖకు దశాబ్దాలుగా వచ్చిన ‘పరిష్కారాలు’ చాలావరకు ఒకే తీరున ఉండేవి. అక్షరాలను తమకు వీలైనట్టు తారుమారు చేసుకోవడం, అర్థం కాని చోట హంతకుడు స్పెల్లింగ్ తప్పు రాశాడనుకోవడం, చివరికి ముందే అనుమానించిన మనిషి పేరు తేల్చడం. ఏజెడ్‌డీక్రిప్ట్‌కు ఎవరి మీదా అనుమానం లేదు. కోరుకున్న మాట కనిపించిందని అది సంతోషపడదు. మన ఊహకు మార్కులు రాకపోతే రాలేదనే చెబుతుంది, ఈ రంగంలో అంతకన్నా విలువైన సాయం లేదు.

అయితే మీటనొక్కితే రహస్యం బయటపడుతుందనుకునే వారికి ఇది నిరాశే మిగులుస్తుంది. 340 గుర్తుల లేఖను ఉన్నదున్నట్టుగా ఇస్తే దీని నుంచి ఏమీ రాదు, ఎందుకంటే అందులో గుర్తులు మార్చడంతో పాటు అక్షరాల స్థానాలు కూడా మార్చి ఉన్నాయి. ఆ లేఖ వరుసకు 17 గుర్తుల చొప్పున 20 వరుసలు. పక్కపక్కన ఉన్నవాటికి బదులు 19 స్థానాల దూరంలో ఉన్న గుర్తులను జతలుగా తీసుకుంటే, ఒకే జత మళ్లీ మళ్లీ రావడం అనుకున్నదాని కన్నా ఎక్కువగా కనిపిస్తోందని ఔత్సాహికులు కొన్నేళ్ల ముందే పసిగట్టారు. 17 స్థానాలు ముందుకు వెళితే సరిగ్గా కింది వరుసకు చేరతాం, మరో రెండు కలిపితే కుడివైపు రెండు గడులు జరుగుతాం. అంటే చదరంగంలో గుర్రం నడక. ఆస్ట్రేలియా గణితవేత్త శామ్ బ్లేక్ లేఖను చదవగల దాదాపు 6,50,000 దారులను తయారు చేయగా, అమెరికా ప్రోగ్రామర్ డేవిడ్ ఒరాంచాక్ వాటిని ఏజెడ్‌డీక్రిప్ట్‌తో పరీక్షించారు. ఒక దారిలో, చెత్త మధ్య, పట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నారనీ, గ్యాస్ చాంబర్ (విషవాయువుతో మరణశిక్ష అమలు చేసే గది) అనీ అర్థమిచ్చే మాటలు తేలాయి. ఆ మాటలను అలాగే స్థిరంగా ఉంచి మిగిలినదాన్ని విప్పమని ప్రోగ్రామ్‌కు చెప్పగా మొదటి తొమ్మిది వరుసలు తెరుచుకున్నాయి. తర్వాతి తొమ్మిది వరుసల్లో రాసినవాడే చేసిన పొరపాటును సరిదిద్దాల్సి వచ్చింది, చివరి రెండు వరుసల్లో కొన్ని పదాలు వెనక నుంచి ముందుకు ఉన్నాయి. ఇవేవీ సాఫ్ట్‌వేర్ తనంతట తాను కనిపెట్టినవి కావు.

ఆ పాఠం నిజమైనదని నమ్మడానికి మార్కులే కాక మరో ఆధారం కూడా ఉంది. టీవీ కార్యక్రమంలో మాట్లాడింది నేను కాదు, గ్యాస్ చాంబర్ అంటే నాకు భయం లేదు అని అందులో ఉంది. తానే జోడియాక్‌నని చెప్పుకున్న ఒక వ్యక్తి శాన్ ఫ్రాన్సిస్కో టీవీ కార్యక్రమానికి ఫోన్ చేసి గ్యాస్ చాంబర్ భయం గురించి మాట్లాడింది 1969 అక్టోబరు 22న. లేఖ పోస్టయింది నవంబరు 8న. ఎఫ్‌బీఐ కూడా పరిష్కారాన్ని ధ్రువీకరించింది.

లోపాలు ఉన్నాయి. తెర నిండా ఉండే ఎంపికల్లో కొత్తవారికి ఏది దేనికో తెలియడం కష్టం, స్థానమార్పిడి గురించి ముందే కొంత చదువుకోని వారు మొదటి సాయంత్రమే వదిలేసే ప్రమాదం ఉంది. మరింత పొడవైన అక్షర వరుసల గణాంకాలు వాడితే ఫలితాలు మెరుగుపడతాయి కాని, వాటికి మెమరీ ఎక్కువ కావాలి. పాత కంప్యూటర్ ఉన్నవారు ఐదక్షరాల వరుసలతో సరిపెట్టుకోవాలి.

ఇక 1970లో వచ్చిన 13 గుర్తుల లేఖనూ, 32 గుర్తుల లేఖనూ దీనికి ఇవ్వడం గురించి గట్టిగా హెచ్చరించాలి. 13 గుర్తుల లేఖకు ముందు ‘నా పేరు’ అని ఉండడంతో అందరి ఆశా దాని మీదే. కాని అంత చిన్న పాఠంలో ఏ జవాబు సరైనదో తేల్చే సమాచారమే లేదు. ఆ అమరికలో ఇమిడే పేర్లు ఎన్నో ఉంటాయి, మంచి మార్కులు వచ్చినంత మాత్రాన ఏ ఒక్కటీ రుజువైనట్టు కాదు. అలా దొరికిన పేరును పట్టుకుని ఒక మనిషిని, ఆయన కుటుంబాన్ని హంతకుడి నీడలోకి లాగడం తీరని అన్యాయం.

ఈ సాఫ్ట్‌వేర్‌ను దింపుకున్నవారు ఆ చిన్న లేఖల జోలికి వెళ్లకుండా, ముందు ఏదో ఒక ఇంగ్లీషు పేరాను తామే సంకేతంగా మార్చి దీనికివ్వాలి. జవాబు ముందే తెలిసిన ఆ పాఠాన్ని క్రమంగా కుదిస్తూ పోతే, ఏ పొడవు దగ్గర ప్రోగ్రామ్ మంచి మార్కులతోనే తప్పు పాఠం చూపడం మొదలుపెడుతుందో స్వయంగా తెలుసుకోవచ్చు.