జాగ్రత్త: పాత సిస్టమ్ అంటగట్టి ‘లినక్స్ వల్లే’ అంటారు, నమ్మకండి

విజయనగరం, శ్రీకాకుళంలో ఆఫీసులు వదిలించుకున్న పాత డెస్క్‌టాప్‌లు, అంటే నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్ రకం, కొనేవాళ్ల కోసం ఇది. ఇంటికి తెచ్చి ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేశాక రోజుకోసారి బిగుసుకుపోతుంది, లేదా కెర్నల్ పానిక్ పడుతుంది, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ తప్పు సందేశం చూపి ఆగిపోతుంది. షాపుకి తీసుకెళ్తే ‘లినక్స్ ఏస్తే అంతే బాబూ, విండోస్ ఏసుకోండి’ అని ఇన్‌స్టాలేషన్‌కి మళ్లీ డబ్బు అడుగుతారు. కట్టకండి. వాళ్లు పది నిమిషాలు విండోస్ నడిపి చూపించినా, అసలు తప్పు ర్యామ్‌లో ఉందో లేదో తేలదు.

ముందు చూడాల్సింది, ఎక్కడ పడుతోందని. తప్పు సందేశంలో ప్రతిసారీ అదే ఫంక్షన్ పేరు, అదే మాడ్యూల్ కనిపిస్తే డ్రైవర్‌ని (ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్‌ని) అనుమానించి పాత కెర్నల్‌తో బూట్ చేయండి. ఒకసారి ఫైల్ సిస్టమ్‌లో, ఇంకోసారి నెట్‌వర్క్‌లో, మధ్యలో బ్రౌజర్ సెగ్‌ఫాల్ట్ (మెమరీ తప్పుతో ప్రోగ్రామ్ మూసుకుపోవడం), ఇలా చోటు మారుతుంటే చూపు హార్డ్‌వేర్ మీదకి, అందులోనూ ర్యామ్ మీదకి తిప్పాలి.

రీస్టార్ట్ అయ్యాక టెర్మినల్‌లో ‘సుడో జర్నల్‌సీటీఎల్ -కె -బి -1’ కొడితే కిందటి బూట్ కెర్నల్ లాగ్ వస్తుంది. అందులో ‘హార్డ్‌వేర్ ఎర్రర్’ అని ఉన్నా, ‘టెయింటెడ్’ పక్కన ఎం అక్షరం ఉన్నా, తప్పుని ప్రాసెసరే పట్టుకుందన్నమాట. కాకపోతే పానిక్‌లో ఆఖరి లైన్లు తరచు డిస్క్‌కి చేరవు. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి టెక్స్ట్ తెరలో ఉంచితే, పడ్డప్పుడు ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు. షాపువాడితో మాట్లాడేటప్పుడు ఆ ఫోటోయే మీ బలం.

తర్వాత మెమ్‌టెస్ట్86 ప్లస్, అంటే ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్. పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ పరీక్ష తప్పినట్టే, ‘ఒకటేగా’ అని సరిపెట్టుకోకండి. వస్తే పవర్ తీగ పీకి, ఒక్కో ర్యామ్ ముక్కనే పెట్టి, స్లాట్ మార్చి మళ్లీ పరీక్షించండి. ఎర్రర్ ముక్కతో పాటు వెళ్తే ర్యామ్ పోయింది, స్లాట్ దగ్గరే ఉండిపోతే బోర్డు. కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి ర్యామ్ ముక్క అంచున ఉండే కాంటాక్టుల మీద పొర కట్టే వీలుంది కాబట్టి, ముందు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది చూడండి. కొన్నిసార్లు అంతటితో సరి.

ర్యామ్ సంగతి తేలేదాకా ఎఫ్‌ఎస్‌సీకే (డిస్క్‌లోని ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే కమాండ్) నడపొద్దు, ముఖ్యమైన ఫైళ్లు ఆ సిస్టమ్‌లోకి కాపీ చేయొద్దు. చెడ్డ ర్యామ్‌లో మారిపోయిన బైట్లే డిస్క్ మీదకి వెళ్తాయి. బాగుచేయబోతే ఉన్నదీ పోతుంది.

ఏ సందేశమూ లేకుండా, లోడ్ పెరగ్గానే దానంతటదే రీస్టార్ట్ అయితే కథ వేరు: ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె) మార్చి చూడండి, ‘సెన్సార్స్’ కమాండ్‌తో వేడి చూడండి. 90 డిగ్రీలు దాటుతుంటే ప్రాసెసర్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు.

ఇంకా కొనకపోతే లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) పట్టుకెళ్లి షాపులోనే ‘సుడో డీఎంఐడీకోడ్ -టి మెమరీ’ కొట్టండి, ర్యామ్ వివరాలు వస్తాయి. రెండు ముక్కలూ వేర్వేరు కంపెనీలవి, ఒకదాని వేగం 1333, ఇంకోదానిది 1600 అయితే జత మార్చమనండి. బిల్లు మీద ర్యామ్ సీరియల్ నంబర్లు, వారంటీ గడువు రాయించుకోండి, కచ్చా చీటీ ఒప్పుకోవద్దు. మార్చనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 2 ఏళ్లలోపు కేసు వేయవచ్చు, మీరు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు అయితే ఫీజు లేదు.