నిమ్మలకుంట లంకిణి: కాపలాదేవతను చూపిన తోలుబొమ్మ

అనంతపురంలో మా వీధి పిల్లలకు సాయంత్రం పూట రామాయణ కథలు చెప్పడానికి నిమ్మలకుంటలో ఒక కళాకారుల కుటుంబం చేత లంకిణి తోలుబొమ్మను ప్రత్యేకంగా చేయించాను. దాని పనితనం ఎలా ఉంది, పెట్టిన డబ్బుకు తగిన వస్తువేనా, చేయించుకోదలచినవారు ముందుగా ఏయే విషయాలు మాట్లాడుకోవాలి అన్నవి వివరించడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. తీర్పు ముందే చెబుతాను. ఒక చెప్పుకోదగ్గ లోపం ఉన్నప్పటికీ, లంకిణి పుట్టుకను ఇంత బాగా అర్థం చేసుకొని మలచిన బొమ్మను నేను మరెక్కడా చూడలేదు.

బొమ్మ విలువ తెలియాలంటే ముందు ఆ పాత్ర సంగతి కొంత చెప్పుకోవాలి. సుందరకాండలో హనుమంతుడు రాత్రివేళ చిన్న రూపంతో లంకలోకి అడుగుపెట్టబోతుండగా ఆమె అడ్డగిస్తుంది. ఎవరు నువ్వని హనుమంతుడు అడిగితే, తానే స్వయంగా లంకానగరాన్నని, ఆ నగరాన్ని అన్ని వైపులా కాపాడుతున్నదాన్నని జవాబిస్తుంది. ముందు చెయ్యి చేసుకున్నది ఆమే. హనుమంతుడు ఎడమచేతి పిడికిలితో, స్త్రీ కదా అని కోపాన్ని అదుపులో పెట్టుకొని కొట్టిన ఒక్క దెబ్బకు ఆమె నేలకూలుతుంది. అప్పుడు ఆమె బ్రహ్మ తనకు పూర్వం చెప్పిన మాటను గుర్తు చేసుకుంటుంది. ఏనాడు ఒక వానరుడు తనను బలంతో లొంగదీస్తాడో ఆనాడు రాక్షసులకు ముప్పు వచ్చిందని తెలుసుకోమన్నది ఆ మాట. ఇక నీ ఇష్టం, లోపలికి వెళ్లి సీతను వెదుక్కోమని ఆమే దారి విడుస్తుంది. జనం చెప్పుకునే కథలో దీనికి ముందు భాగం కూడా ఉంది. ఆమె మొదట బ్రహ్మలోకపు ద్వారపాలిక అని, ఆ పదవి వల్ల గర్వం తలకెక్కడంతో రాక్షసుల నగరానికి కాపలా కాయమని బ్రహ్మ శపించాడని, వానరుని చేతి దెబ్బతో ఆ శాపం తీరేలా గడువు పెట్టాడని మన పెద్దలు చెబుతారు.

ఈ పుట్టుకలో నన్ను మొదటినుంచీ ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. ఉత్తరకాండ ప్రకారం విశ్వకర్మ నిర్మించిన లంకలో ముందు మాల్యవంతుడు, సుమాలి, మాలి అనే రాక్షస సోదరులు ఉన్నారు. యుద్ధంలో మాలి విష్ణువు చేతిలో చనిపోయి, మిగిలినవారు భయపడి పాతాళానికి పారిపోగా, ఖాళీ అయిన నగరంలో కుబేరుడు కాపురం పెట్టాడు. ఆ కుబేరుణ్ణి వెళ్లగొట్టి రావణుడు వచ్చాడు. ఏలినవారు మారుతూ వచ్చారు గానీ నగరం నగరంగానే ఉంది. తానే ఆ నగరాన్నని చెప్పుకునే లంకిణి రావణుని కొలువులో జీతానికి కుదిరిన రాక్షసి ఎలా అవుతుంది? ఆమె ఊరికి చెందినది, ఊరిని ఏలేవాడికి చెందినది కాదు. మన సీమలో సుంకులమ్మ, ఎల్లమ్మ, మారెమ్మ పొలిమేరలో నిలబడి కాపాడేది రెడ్డినో కరణాన్నో కాదు, ఊరినే. అటువంటి తల్లిని నాలుగు కోరలు, పిచ్చి చూపులు పెట్టి, తన్నులు తినడానికే పుట్టినట్టు చూపించడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. అంగళ్లలో దొరికే రామాయణం బొమ్మల పెట్టెల్లో ఆమె ఉండనే ఉండదు, ఉన్నా ఏదో ఒక రాక్షసి బొమ్మే ఆమెగా చలామణి అవుతుంది.

అందుకే నిమ్మలకుంటకు వెళ్లాను. ధర్మవరం మండలంలోని ఈ ఊరు 2022 వరకు అనంతపురం జిల్లాలోనిదే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. తోలుబొమ్మల కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ ఉంటున్నాయి. ఈ ఊరికే చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఇప్పుడు ఆటలు కట్టించేవారు తగ్గిపోవడంతో చాలా ఇళ్లలో దీపపు గొట్టాలు, గోడకు తగిలించే పటాలు, తలుపు తోరణాలే ఎక్కువగా తయారవుతున్నాయి. అవీ అందమైనవే, కాదనను. ఆడించడానికి పనికివచ్చే కీళ్ల బొమ్మ కావాలంటే మాత్రం ఆ మాట స్పష్టంగా చెప్పి ముందుగా పని ఒప్పగించాలి. లేదంటే గోడ బొమ్మకే రెండు పుల్లలు కట్టి ఇచ్చే అవకాశం ఉంది.

నేను పని ఒప్పగించిన ఇంటి పెద్దాయన చెప్పింది చెప్పినట్టు రాసుకొని బయానా పుచ్చుకునే మనిషి కాదు. చాలాసేపు కథ మాట్లాడించారు. బ్రహ్మలోకంలో ఉన్నప్పటి దేవత తల ఒకటి, లంకకు వచ్చాక రాక్షసి తల ఒకటి, మార్చుకోవడానికి వీలుగా రెండు తలలు కావాలని నేను అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. "కాపలా కాసే తావు మారింది గానీ ఆయమ్మ మారలేదు కదమ్మా. రెండు తలకాయలు పెడితే ఇద్దరు మనుషులని పిల్లోళ్లు అనుకుంటారు," అన్నారు. దేవతలకు గీసే పొడవాటి కన్ను, తీరైన ముక్కు అలాగే ఉంచి, పెదవి అంచున చిన్న కోర ఒక్కటి మాత్రం పెడతానని చెప్పారు. నేను కోరిన దానికన్నా ఆయన ఇచ్చింది మేలైనదని ఈ రోజు నిస్సంకోచంగా చెప్పగలను. శాపం తగిలిన దేవత ముఖం ఎలా ఉంటుందో ఆ ఒక్క కోర చెబుతోంది.

బొమ్మ ఎత్తు సుమారు మూడడుగులు. పూర్వం దేవతల బొమ్మలకు, వీరుల బొమ్మలకు జింక చర్మం వాడేవారు. వన్యప్రాణుల రక్షణ చట్టం 1972లో వచ్చాక అది కుదరదు కాబట్టి ఇప్పుడు అన్నింటికీ మేక చర్మమే. చర్మాన్ని వేడినీళ్లలో నానబెట్టి, బొచ్చు, కొవ్వు గీకేసి, బాగా సాగదీసి ఆరబెడితే వెలుతురు దూరేంత పలుచగా తయారవుతుంది. ఆ పలుచదనంలోనే పనివాడి ఓపిక తెలుస్తుంది. మా బొమ్మను పగటి వెలుగుకు అడ్డంగా పట్టుకొని చూస్తే ఎక్కడా మందంగా మిగిలిపోయిన మరక కనిపించలేదు. రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, కొంచెం పసుపు. ఇవి ఇప్పటి అంగడి రంగులే గానీ పాతకాలపు మూలికల రంగులు కావు, వారు ఆ సంగతి దాచకుండా చెప్పారు. రెండు వైపులా వేశారు. వెనకవైపు ఆకుపచ్చ మాత్రం రెండు చోట్ల పలుచబడింది, తెరమీద అది కనిపించదు.

పనితనమంతా చీరలో ఉంది. తానే నగరాన్నని ఆమె చెప్పే మాటను నేను కథలో భాగంగా చెప్పాను తప్ప బొమ్మలో ఎక్కడ ఎలా చూపాలో అడగలేదు. ఆయన నడుము నుంచి పాదాల దాకా చీర కుచ్చిళ్లలో లంకానగరాన్నే చెక్కారు. ప్రాకారాలు, బురుజులు, వరుసలుగా మేడలు, ఒక్కొక్క మేడకు చిన్న చిన్న కిటికీలు, అన్నీ ఉలితో కొట్టిన రంధ్రాలే. కిరీటం కూడా కోట గోడ అంచులా పళ్లు పళ్లుగా ఉంది. చేతిలో పట్టుకొని చూస్తే అది మామూలు అద్దకపు పని లాగా కనిపిస్తుంది. తెర వెనక పెట్టి దీపం వెలిగించగానే ఆ కిటికీలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. రాత్రిపూట లంకను హనుమంతుడు దూరంనుంచి చూసిన ఘట్టానికి వేరే నగరం బొమ్మ అక్కర లేకుండా పోయింది. ఆమె నిలబడి ఉంటే నగరం నిలబడి ఉన్నట్టు, ఆమె కూలితే నగరం దీపాలన్నీ ఒరిగిపోయినట్టు తెరమీద కనిపిస్తుంది. ఆమె పుట్టుక, ఆమె పని, ఆమె ఓటమికి అర్థం, ఇవన్నీ ఒక చీర మీద ఉన్నాయి. లేపాక్షి గుడి కప్పు మీది చిత్రాలలో బట్టల నేతను, పెద్ద కళ్లను చూసినవారికి ఈ బొమ్మలోని గీతకు అవి దగ్గరి చుట్టాలని వెంటనే తెలుస్తుంది.

లోపం కూడా ఆ నడుము దగ్గరే ఉంది. కింద పడే ఘట్టం కోసం నర్తకి బొమ్మలకు పెట్టినట్టు నడుముకు కీలు కావాలని నేనే కోరాను. దానికోసం నిలువు వెదురుబద్దను నడుము దాకానే ఆపి, కింది భాగాన్ని దారపు ముడితో వేలాడదీశారు. పిడికిలి దెబ్బకు ఆమె ఒరిగిపోయే క్షణం అద్భుతంగా వస్తోంది. కానీ మిగతా సమయమంతా చీర భాగం అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. నాట్యకత్తెకు ఆ ఊగులాట అందం. యుగాలుగా ద్వారం దగ్గర కదలకుండా నిలబడిన కాపలాదేవతకు అది తగదు. ఆమె మొదటిసారి తెరమీదికి వచ్చి ఎవరు నువ్వని గద్దించే చోట కాళ్లు వణుకుతున్నట్టు కనిపిస్తే ఆ గద్దింపుకు బలం ఎక్కడిది? కింది భాగానికి విడిగా ఒక సన్నని పుల్ల కట్టి, కావలసినప్పుడు పట్టుకొని, పడే ఘట్టంలో వదిలేసే ఏర్పాటు మొదటే చేసి ఉండవలసింది. అడిగితే చేసి ఇస్తామన్నారు, చేశారు కూడా, అదనంగా డబ్బు తీసుకోలేదు. అయితే అనంతపురం నుంచి మళ్లీ బొమ్మను తీసుకువెళ్లవలసి వచ్చింది. దూరప్రాంతాలవారికి ఇది సులువు కాదు గనుక కీళ్ల సంగతి, పుల్లల సంగతి పని మొదలుపెట్టకముందే కాగితం మీద గీసి మాట్లాడుకోవాలి.

సమయం విషయంలో ఓపిక పట్టాలి. ఏదో ఒక ఊరిలో హస్తకళల ప్రదర్శన ఉందంటే ఇంటిల్లిపాదీ సరుకు తీసుకొని వెళతారు. ఆ వారాలలో ఒప్పుకున్న పని ఆగుతుంది. పండుగకో బడి వార్షికోత్సవానికో కావాలనుకుంటే చాలా ముందుగా చెప్పాలి. ధర నాలుగున్నర వేల రూపాయలు తీసుకున్నారు. యంత్రంతో అచ్చువేసిన బొమ్మలతో పోల్చి ఇది ఎక్కువ అనేవారు ఆ చీర మీద ఎన్ని కిటికీలున్నాయో ఒకసారి దీపం ముందు చూడాలి. ప్రతి కిటికీకి ఉలి ఒకసారి ఆనించి సుత్తితో కొట్టారు, చేయి ఒక్కసారి జారినా ఆ చర్మం పనికిరాదు. నేను బేరం ఆడలేదు, ఆడవద్దనే ఇతరులకూ చెబుతాను.

వాడకం గురించి కొన్ని మాటలు. తెల్లని ఎల్‌ఈడీ వెలుతురులో ఎరుపు పాలిపోయి కనిపిస్తుంది, పసుపు వెలుగు ఇచ్చే బల్బు పెడితే ఆముదపు దీపాల నాటి రంగుకు దగ్గరగా వస్తుంది. బొమ్మను తెరకు ఆనించి ఆడించాలి, అంగుళం వెనక్కి జరిగినా కిటికీల వెలుగు చెదిరిపోతుంది. వానాకాలంలో చెమ్మకు చర్మం అంచులు ముడుచుకుంటాయి కాబట్టి రెండు అట్టల మధ్య పరచి దాచాలి, ఎండలో పెట్టకూడదు. ఈ జాగ్రత్తలు రాసిన చిన్న కాగితం బొమ్మతోపాటు ఇచ్చి ఉంటే బాగుండేది. అడిగితే అన్నీ నోటితో ఓపికగా చెబుతారు.

పిల్లల ముందు ఆడించినప్పుడు చూసింది కూడా సమీక్షలో భాగమే. ఆటగాళ్లు రంగనాథ రామాయణం ద్విపదలు పాడుతూ, కాళ్ల కింద చెక్కలు తొక్కి దెబ్బల చప్పుడు పుట్టిస్తారు. మా దగ్గర ఒక పీటచెక్క, తాళాలు మాత్రమే ఉన్నాయి. వాటితోనే బ్రహ్మలోకపు ద్వారం నుంచి మొదలుపెట్టి, శాపం, లంక, మారిన ముగ్గురు ఏలికలు, ఆఖరికి ఆ రాత్రి, ఇలా లంకిణి కథనే ప్రధాన కథగా చెప్పాము. హనుమంతుడు గెలిచినప్పుడు చప్పట్లు కొట్టే పిల్లలు ఈసారి ఆమె ఒరిగిపోతున్నప్పుడు నిశ్శబ్దమయ్యారు. ఆమె లేచి దారి ఇచ్చినప్పుడు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత, కాపలా పని అయిపోయాక ఆయమ్మ ఎక్కడికి పోయిందని ఒక పాప అడిగింది. శాపం తీరి బ్రహ్మలోకానికి వెళ్లిందని చెప్పాను. చీర మీది ఊరు కూడా ఆమెతో పోయిందా అని మరొకరు అడిగారు. దానికి బొమ్మ చేసిన పెద్దాయన్నే అడగాలని అందరం అనుకున్నాము.

ఇదే కుటుంబం చేత తరువాత సురసను చేయించాలని అనుకుంటున్నాను. సముద్రం మధ్యలో హనుమంతుని బుద్ధిని పరీక్షించడానికి దేవతలు పంపిన ఈ నాగమాత నోరు పెరుగుతూ పోవాలి కాబట్టి అక్కడ కీళ్ల పని ఇంకా కష్టం. ఈసారి మాత్రం దవడకు ఎన్ని పుల్లలు, ఎవరి చేతిలో ఏ పుల్ల అన్నది ముందే గీసి ఇచ్చాకనే చర్మం నానబెట్టమని చెబుతాను.