జెన్షియన్ మొక్కలు కొంటున్నారా? ముందు వేర్ల సంగతి అడగండి

ఆన్‌లైన్‌లో మొక్కలు అమ్మే ఒక విక్రేత దగ్గర ఆరు జెన్షియన్ మొక్కలు తెప్పించుకుని మోసపోయాను. ఆ ప్రకటన ఇప్పటికీ అక్కడే ఉంది, కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. నీడపట్టున నిండు నీలం పూలు పూసే మొక్కలు తక్కువ కాబట్టి ఆ పేరు చూడగానే మనసు లాగుతుంది. దయచేసి ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

‘నీడకు అనువైన జెన్షియన్, ఏటేటా పూస్తుంది’ అని రాశారు. పక్కన బాటిల్ జెన్షియన్ ఫొటో పెట్టారు. దాని పువ్వు ఎప్పటికీ విచ్చుకోదు, మొగ్గలాగే ఉండిపోతుంది. బలమైన బంబుల్ తేనెటీగ మాత్రమే రేకుల కొనను తోసుకుని లోపలికి దూరగలదు. ఆ దృశ్యాన్ని నా తోటలో చూడాలన్న ఆశతోనే కొన్నాను. శాస్త్రీయ నామం ఎక్కడా ఇవ్వలేదు. నేను అడగలేదు, అక్కడే పొరపాటు జరిగింది.

పెట్టె విప్పితే కుండీలు లేవు. తడి కాగితంలో చుట్టిన చిన్న చిన్న ఆకుల గుత్తులు ఉన్నాయి. వాటి వేర్లు చూసి గుండె తరుక్కుపోయింది. కుండీలో పెరిగిన మొక్క వేర్లు కుండీ ఆకారంలో చుట్టుకుని ఉంటాయి. వీటి తల్లివేరును మాత్రం పారతో నరికినట్టు అడ్డంగా తెంచేశారు. ఒకదాని మట్టిలో నాచు, మరేదో గడ్డి వేర్లు చిక్కుకుని ఉన్నాయి. నర్సరీ మట్టిలో అవి అలా పెనవేసుకుని రావు. ఎక్కడో చిత్తడి మైదానంలో తవ్వి తెచ్చారనే నా నమ్మకం. జెన్షియన్లకు వేరు కదిపితే గిట్టదు. చాలా రకాలు ఒకచోట నాటుకున్నాక మళ్లీ కదపనివ్వవు. అలాంటిది వేరు సగం తెగితే ఎలా బతుకుతాయి?

ఆకుల ఎరువు కలిపి, తేమ ఆరకుండా, నీరు నిలవకుండా కంటికి రెప్పలా చూసుకున్నాను. అయిదు మొక్కలు నెల తిరగకముందే కుళ్లిపోయాయి. చెట్ల నీడ అంచున, ఉదయపు ఎండ తగిలేచోట పెట్టిన ఒక్కటి బతికి, మరుసటి శరత్కాలంలో పూసింది. పువ్వుకు నాలుగు రేకులు, వాటి అంచున కుచ్చుల్లా సన్నని పోగులు. ఎండ ఉన్నప్పుడు విచ్చుకుని మబ్బు పట్టగానే ముడుచుకునేది. చాలా అందమైన పువ్వు, కానీ ఫొటోలోని పువ్వు కాదు. అది ఫ్రింజ్డ్ జెన్షియన్, శాస్త్రీయంగా జెన్షియానాప్సిస్ క్రినిటా. మొదటి ఏడాది ఆకుల గుత్తిగా ఉండి, రెండో ఏడాది పూసి, విత్తనాలు రాల్చి చనిపోయే ద్వివార్షిక మొక్క. తేమగల బయలు ప్రదేశాలు దాని ఇల్లు. అంటే నీడకు అనువైనదన్న మాటా, ఏటేటా పూస్తుందన్న మాటా రెండూ అబద్ధాలే. అడవిలో విత్తనం రాల్చాల్సిన మొక్కను తవ్వేస్తే అక్కడి తరువాతి తరం కూడా పోతుంది. డబ్బు పోయిన బాధ కన్నా నాకు ఇదే ఎక్కువ కష్టంగా ఉంది.

విక్రేతకు ఫొటోలు పంపితే ‘నీళ్లు ఎక్కువ పోశారు’ అని చేతులు దులుపుకున్నారు. ఈ మొక్కలు ఎక్కడ పెంచారని అడిగిన ప్రశ్నకు జవాబే రాలేదు.

పేరు విషయంలో గట్టిగా ఉండండి. ‘జెన్షియన్’ అన్న ఒక్క మాట చాలదు. ఆ ప్రజాతిలోనే వందల జాతులున్నాయి. ఎండ కోరుకునే లిసియాంథస్‌ను కూడా ప్రెయిరీ జెన్షియన్ అని అమ్ముతారు. రాతితోటల్లో కనిపించే పొట్టి జెన్షియానా అకాలిస్‌కూ మంచి వెలుతురు కావాలి. నీడ తోటకైతే జెన్షియానా అస్క్లెపియాడియా అడగండి. విల్లోలాంటి ఆకులతో కొమ్మలు వంగి, వేసవి చివర నీలంగా పూస్తుంది. తేమ నేల ఉండి కొంత ఎండ తగిలితే జెన్షియానా ఆండ్రూసై, అంటే అసలు బాటిల్ జెన్షియన్, బాగుంటుంది. ఏదైనా మరీ చిక్కటి నీడలో పూలు తగ్గిపోతాయి.

విత్తనాలైనా చూసి కొనండి. జెన్షియన్ విత్తనం ధూళిలా సన్నగా ఉంటుంది. ఆవగింజంత లావు గింజలు వచ్చాయంటే అవి వేరేవి. అసలైనవాటిని మట్టి పైనే చల్లి, కప్పకుండా, తడిగా రెండు మూడు నెలలు చలిలో ఉంచాలి. మొలిచాక పూలకు రెండు మూడేళ్లు ఆగాలి. ‘ఈ సీజన్‌లోనే విత్తనం నుంచి పూలు’ అని ఎవరైనా అంటే అక్కడ కొనవద్దు.

డబ్బు కట్టే ముందు విక్రేతను మూడు మాటలు అడగండి: పూర్తి శాస్త్రీయ నామం ఏమిటి, విత్తనం నుంచి మీరే పెంచారా, కుండీతో పంపుతారా. నిజంగా పెంచేవాళ్లు వీటికి వెంటనే, సంతోషంగా జవాబు చెబుతారు. మొక్కలు ఇప్పటికే వచ్చి ఉంటే, నాటకముందే వేర్ల ఫొటోలు తీసి పెట్టుకోండి. నా దగ్గర ఒక్క మొక్క వేర్ల ఫొటో మాత్రమే ఉండటంతో మిగతా అయిదింటి గురించి ఏమీ నిరూపించలేకపోయాను.