స్టర్జిస్ మోటార్‌సైకిల్ ర్యాలీలో ఫోటోలకు ఫోనా, పెద్ద లెన్సా, చిన్న కెమెరానా: ఏది మేలు?

వచ్చే ఆగస్టులో మా బావమరిది హైదరాబాదు నుంచి డెన్వర్‌లోని మా ఇంటికి వస్తున్నాడు. చుట్టపుచూపు పేరుకే, అసలు సంగతి స్టర్జిస్ మోటార్‌సైకిల్ ర్యాలీ. టికెట్లు ఖాయమైన రాత్రే ఫోన్ చేసి, "బావా, ఫోటోలకు నా ఫోన్ సరిపోతుందా, లేక నీ పెద్ద లెన్సు కూడా పట్టుకెళ్దామా?" అని అడిగాడు. రెండిట్లో ఏ ఒక్కటీ చాలదని అప్పుడే చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఆ ర్యాలీకి మూడుసార్లు మూడు రకాల సరంజామాతో వెళ్లి రెండుసార్లు చేతులు కాల్చుకున్నవాణ్ణి కనుక, ఎందుకు చాలదో వివరంగా రాయడమే నయమనిపించింది. మొదటిసారి నా వెంట ఫోన్ ఒక్కటే ఉంది; రెండోసారి 70-200 మి.మీ. జూమ్ లెన్సు తగిలించిన పెద్ద కెమెరా, మూడోసారి 35 మి.మీ. లెన్సు మాత్రమే ఉన్న చిన్న కెమెరా తీసుకువెళ్లాను. (లెన్సు మి.మీ. అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి, తగ్గేకొద్దీ చూపు వెడల్పవుతుంది.)

స్టర్జిస్ అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో, బ్లాక్ హిల్స్ కొండల అంచున ఉన్న చిన్న ఊరు. జనాభా సుమారు 7,000. అక్కడ ఇండియన్ మోటార్‌సైకిళ్లు అమ్మే క్లారెన్స్ హోయెల్, జాక్‌పైన్ జిప్సీస్ అనే స్థానిక క్లబ్బు కలిసి 1938లో 9 మంది పోటీదారులతో పెట్టిన పందెం పెరిగి పెరిగి, ఇప్పుడు ఏటా ఆగస్టులో 10 రోజుల పాటు లక్షలాది మందిని రప్పించే ఉత్సవమైంది. 75వ ర్యాలీ జరిగిన 2015లో 7 లక్షలకు పైగా జనం వచ్చారని అంచనా. ర్యాలీ జరిగే రోజుల్లో ఊరి మెయిన్ స్ట్రీట్‌లోకి కార్లను రానివ్వరు. వీధి రెండు అంచుల వెంబడీ, నడిమధ్యా బండ్లు వరుసలు కట్టి నిలుస్తాయి. మిగిలిన సందులో మరిన్ని బండ్లు మనిషి నడిచే వేగంతో కదులుతుంటాయి. ఫోటోలు తీసేవాడికి ఈ వీధి ఒక లోకమైతే, ఊరి చుట్టుపక్కల ఐరన్ మౌంటెన్ రోడ్డు, నీడిల్స్ హైవే, స్పియర్‌ఫిష్ లోయ వంటి కొండదారులు మరో లోకం. ఏ కెమెరా మేలన్న ప్రశ్నకు ఈ రెండు చోట్లా ఒకే జవాబు రాదు, చిక్కంతా అక్కడే ఉంది.

ఇంకొక మాట ముందే చెప్పాలి. సౌత్ డకోటాలో 18 ఏళ్లు నిండినవారికి హెల్మెట్ తప్పనిసరి కాదు. ప్రాణం సంగతి ఆలోచిస్తే అది మంచి ఏర్పాటని నేను అనను, కానీ ఫోటోగ్రాఫరుకు మాత్రం మన దగ్గర దొరకని వరం: నడుస్తున్న బండి మీద మనిషి ముఖం పూర్తిగా కనిపిస్తుంది. కళ్లకు రక్షణ మాత్రం ఉండాలని చట్టం కోరుతుంది కాబట్టి దాదాపు ప్రతి ముఖం మీదా నల్ల కళ్లద్దాలుంటాయి, దగ్గరికి వెళితే వాటిలో కెమెరా పట్టుకున్న మీరే కనిపిస్తారు.

ఫోనుతో మొదలుపెడతాను. దాని మంచి గుణాలు అందరికీ తెలిసినవే: జేబులో పడుతుంది, ఎవరూ పట్టించుకోరు, చీకటి పడ్డాక బార్ల ముందు నియాన్ వెలుగులో చెప్పుకోదగ్గ ఫోటోలు ఇస్తుంది. వీడియోకైతే దానికి తిరుగు లేదు. వేల ఇంజన్ల మోత లేనిదే స్టర్జిస్ సగమే. అయితే ఫోన్ ప్రధాన లెన్సు చూపు చాలా వెడల్పు, పూర్తి సైజు సెన్సరు (వెలుతురును పట్టే, పాత ఫిల్ము చట్రమంత పలక) లెక్కలో 24 నుంచి 26 మి.మీ. దాకా. బండి ఫ్రేము నిండాలని దగ్గరికి జరిగామా, ముందు చక్రం గుమ్మడికాయలా ఉబ్బి, వెనుక చక్రం బొమ్మబండి చక్రంలా కుంచించుకుపోతుంది. దాని నుంచి తప్పించుకోవడానికి వెనుక దృశ్యాన్ని మసకగా చూపించే పోర్ట్రెయిట్ మోడ్ పెట్టుకుంటే మరో తంటా. ఆ మసకను లెన్సు పుట్టించదు, సాఫ్ట్‌వేర్ అంచులు ఊహించి పులుముతుంది. మోటార్‌సైకిల్ అంటేనే సన్నని తీగలు, చువ్వలు, అద్దాల కాడలు. నేను ఎంతో ముచ్చటపడి తీసిన ఒక పాత బండి ఫోటోను దాని యజమానికి చూపిస్తే, ఆ పెద్దాయన కళ్లద్దాలు పైకెత్తి, తెరను రెండు వేళ్లతో పెద్దది చేసి, "బాగుంది గానీ, నా క్లచ్ తీగ ఏది?" అన్నాడు. నిజమే, హ్యాండిల్‌బార్ నుంచి ఒక జానెడు దిగిన తీగ వెనకనున్న మసకలో కలిసిపోయింది. బండిని ప్రేమించేవాళ్లకు ఫోటో చూపించాల్సిన చోట ఇది చిన్న తప్పు కాదు.

ఫోనుకు ఇంకో ప్రమాదం ఉంది. దారి పొడవునా వీడియో తీయాలని చాలామంది దాన్ని హ్యాండిల్‌బార్‌కు బిగిస్తారు. చేతి వణుకును సరిదిద్దడానికి కెమెరా లోపల సూక్ష్మంగా కదిలే భాగాలుంటాయి. పెద్ద ఇంజన్ల కంపనం అదేపనిగా తగిలితే వాటి పనితీరు దెబ్బతినవచ్చునని, అలా బిగించవద్దని ఆపిల్ సంస్థ 2021లోనే తన వినియోగదారులను హెచ్చరించింది. డెన్వర్ నుంచి స్టర్జిస్ సుమారు 400 మైళ్లు. అంత దూరం అద్దె బండి మీద ఫోనును అలా తీసుకుపోవాలనే ఆలోచన ఉంటే మానుకోమని బావమరిదికి మరీ మరీ చెప్పాను.

పెద్ద లెన్సు దగ్గరికి వస్తే, కొండదారుల మీద దాని రాజ్యమే. ఐరన్ మౌంటెన్ రోడ్డు 17 మైళ్లలో 314 మలుపులు తిరుగుతుంది; దాని మీదున్న 3 సొరంగాలను కొండరాతిలో నలుగురు అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ శిల్పాలకు చట్రం కట్టినట్టు కనిపించేలా తొలిచారు. ఆ నలుగురు అధ్యక్షుల తలలు ఒక్కొక్కటి 60 అడుగుల ఎత్తున్నా, వెడల్పాటి లెన్సుతో తీస్తే దూరాన బియ్యపు గింజంత కనిపిస్తాయి. 200 మి.మీ. దగ్గర చూస్తే మాత్రం సొరంగం అంచు, అందులోంచి వచ్చే బండి, వెనుక కొండ ముఖాలు ఒకదానికొకటి దగ్గరగా జరిగి ఒకే బొమ్మలో ఇముడుతాయి. అయితే నిలబడటం సొరంగంలో కాదు, రోడ్డు పక్కన బండ్లు ఆపుకోవడానికి విడిచిన జాగాలో. ఫోటో కోసం మలుపు మీద నిలబడి ఎదుటివాడి ప్రాణం మీదికి తేవడం తగదు.

కదిలే బండిని తీయడంలో చాలామంది చేసే పొరపాటు షట్టర్ (కెమెరాలో వెలుతురును లోపలికి వదిలే రెప్ప) వేగాన్ని పెంచేయడం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి చక్రం సెకనుకు దాదాపు 8 చుట్లు తిరుగుతుంది. షట్టర్‌ను సెకనులో 1000వ వంతు దగ్గర పెడితే ఆ లోపల చక్రం 3 డిగ్రీలే కదులుతుంది కనుక చువ్వలు విడివిడిగా లెక్కపెట్టుకునేటట్టు వస్తాయి, చూసేవారికి బండి స్టాండు వేసి నిలబెట్టినట్టు ఉంటుంది. అదే 60వ వంతు దగ్గర పెట్టి, బండితో పాటు కెమెరానూ సమంగా తిప్పుతూ నొక్కితే, చక్రం దాదాపు 50 డిగ్రీలు తిరిగి చువ్వలు పలచని తెరలా మారుతాయి, పక్కనున్న పైన్ చెట్లు గీతలుగా సాగిపోతాయి, మనిషి ముఖం మాత్రం నిలకడగా నిలుస్తుంది. పదిలో ఎనిమిది చెడిపోతాయని ముందే ఒప్పుకుని తీయాలి. ఈ పనికి పొడవాటి లెన్సే అనువు, ఎందుకంటే రోడ్డుకు దూరంగా నిలబడి నడుమును నెమ్మదిగా తిప్పవచ్చు.

అదే లెన్సును మెయిన్ స్ట్రీట్‌లోకి తెచ్చిన నాటి తిప్పలు ఇప్పటికీ మరిచిపోలేదు. కెమెరాతో కలిపి రెండు కిలోలకు పైనున్న బరువు మెడకు వేలాడుతోంది, ఆగస్టు ఎండ మాడుతోంది, ఒక బండి మొత్తం ఫ్రేములో పట్టాలంటే ఆరేడు మీటర్లు వెనక్కి జరగాలి, జరిగేసరికి ఆ మధ్యలోంచి పదిమంది నడిచిపోతున్నారు. దూరం నుంచి తీద్దామంటే ఇంజన్ల సెగా, తారు మీది ఆవిరీ కలిసి గాలి అలల్లా ఊగి, ఖరీదైన లెన్సు పదును కాస్తా నీళ్లలో చూసినట్టు కరిగిపోయింది. హెడ్‌లైట్ల వరుసను పక్కవాటుగా తీసినప్పుడు మాత్రం వంద బండ్లు గోడ కట్టినట్టు వచ్చిన ఒకటి రెండు ఫోటోలు ఇప్పటికీ నచ్చుతాయి. మిగతావి ఇంటికొచ్చి చూసుకుంటే, చెట్టు చాటు నుంచి పిట్టలను తీసినట్టున్నాయి. ఆరు వందల ఫోటోల్లో ఒక్క మనిషి పేరు కూడా నాకు తెలియదు.

మూడోసారి తీసుకెళ్లిన 35 మి.మీ. కెమెరా నన్ను ఆ బాధ నుంచి తప్పించింది, కాకపోతే మరో శ్రమ పెట్టింది: మాట్లాడక తప్పలేదు. ఆ లెన్సుతో మనిషి నడుము దాకా కనిపించాలంటే ఒకటిన్నర, రెండు మీటర్ల దగ్గరికి పోవాలి, అంత దగ్గరికి వచ్చి పలకరించకుండా ఫోటో తీయడం ఏ ఊళ్లోనైనా మర్యాద కాదు. కొత్తవారితో మాట కలపడంలో నేను మొదటినుంచీ వెనకడుగే. కానీ బండి గురించి అడిగితే చాలు, ఆ గడ్డాల వెనుక మనుషులు ఎంత కబుర్లపోగులో తెలుస్తుంది. ఒక ఉదయం, వీధి ఇంకా నిండకముందు, నెబ్రాస్కా నుంచి రాత్రంతా నడిపి వచ్చిన ఒకాయన తడిపిన పళ్ల బ్రష్షుతో హెడ్‌లైటు చుట్టూ ఎండి అతుక్కుపోయిన మిడతలను ఒక్కొక్కటిగా రాల్చుతున్నాడు. పక్కన నిలబడి ఎన్ని మైళ్లని అడిగాను. జవాబు చెబుతూనే, విప్పిన క్రోమ్ రింగును నా ఎడమచేతిలో పెట్టి పట్టుకోమన్నాడు. కుడిచేత్తో తీసిన ఫోటోలో ఆయన వేళ్ల గ్రీజు మరకలు, బ్రష్షు మొన, అద్దం మీద మిడత రెక్క ఒకటి ఉన్నాయి. ఆ రింగు పట్టుకోకపోతే ఆ ఫోటో లేదు, చేతిలో రెండు కిలోల కెమెరా ఉంటే ఆ రింగు లేదు.

పనితనం లెక్కన చూసినా ఈ కెమెరాకు ఒక సౌలభ్యం ఉంది. పూర్తి సైజు సెన్సరు మీద 35 మి.మీ. లెన్సు కన్నాన్ని f/8 దాకా చిన్నది చేసి, ఫోకస్‌ను 2.5 మీటర్ల వద్ద కదలకుండా ఉంచితే, సుమారు 1.7 మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ కోసం వెతుకులాట ఉండదు, కళ్లు మనిషి మీదే ఉంచవచ్చు. చిన్న సెన్సరు కెమెరా ఉన్నవారు 23 మి.మీ. లెన్సు తీసుకుంటే చూపు దాదాపు ఇంతే ఉంటుంది.

క్రోమ్ మెరుపు మాత్రం మూడింటినీ ఏడిపిస్తుంది. పోలరైజర్ ఫిల్టరు పెడితే పోతుందని దుకాణంలో చెప్పిన మాట నమ్మి నేనూ ఒకటి కొన్నాను. ట్యాంకు రంగు మీద పడిన ఆకాశపు తెల్లదనాన్ని అది చక్కగా తీసేసింది గానీ, సైలెన్సరు మెరుపు చెక్కుచెదరలేదు. రంగు పూత, గాజు వంటి వాటి మీద నుంచి ఏటవాలుగా తిరిగివచ్చే వెలుతురు ఒకే తలంలో కంపిస్తుంది కనుక ఫిల్టరు దాన్ని ఆపగలదు. వట్టి లోహం మీద నుంచి వచ్చే వెలుతురుకు ఆ గుణం చాలా తక్కువ. అందుకని క్రోమ్ ముందు కదలాల్సింది మనమే: ఒక అడుగు పక్కకు జరిగితే ఆకాశానికి బదులు ఎదుటి భవనం నీడ అందులో పడుతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే లోపలికి వచ్చే వెలుతురును సగానికి, తగ్గించుకోవడం మంచిది, నల్లటి బండిని చూసి కెమెరా మోసపోయి వెలుతురు పెంచేస్తుంది. ఫోన్ నాలుగైదు ఫోటోలు కలిపి తనంతట తానే ఈ సర్దుబాటు చేస్తుంది, అయితే మెరుపు ప్రాణం తీసి క్రోమ్‌ను అల్యూమినియం గిన్నెలా చూపిస్తుంది.

బ్లాక్ హిల్స్‌లో ఆగస్టు మధ్యాహ్నాలు ఉరుములతో కూడిన వానలు, ఒక్కోసారి వడగళ్లు కురుస్తాయి. చిన్న కెమెరా జాకెట్టులోకి దూరుతుంది, పెద్దదానికి గొడుగు పట్టేవాడొకడు కావాలి. డ్రోన్ గురించి ఆలోచించనే అక్కర్లేదు, మౌంట్ రష్‌మోర్ పరిధిలో దానికి అనుమతి లేదు.

అనుమతి మాట వచ్చింది కాబట్టి, అమెరికాలో బహిరంగ వీధిలో ఫోటో తీయడానికి చట్టప్రకారం ఎవరినీ అడగనక్కర్లేదు. ఊరి బయట గుడారాలు వేసుకునే బఫెలో చిప్ వంటి ప్రైవేటు స్థలాల్లో మాత్రం యజమానుల నిబంధనలే చెల్లుతాయి. చట్టం ఒప్పుకున్నా, వీపు మీద క్లబ్బు గుర్తు కుట్టిన తోలు చొక్కాల వారిని అడగకుండా తీయకపోవడమే క్షేమం. పెద్ద లెన్సు ఇక్కడ మేలు చేస్తుందని కొందరంటారు. నా అనుభవంలో అది కీడే చేసింది. దూరం నుంచి తమ వైపు తిరిగిన పెద్ద గొట్టాన్ని వాళ్లు వెంటనే పసిగట్టారు, చిన్న కెమెరాతో ఎదురుగా వెళ్లి అడిగినప్పుడు మాత్రం సగం మంది ఒప్పుకున్నారు, మిగతావారు తల అడ్డంగా ఊపారు, అంతటితో సరి.

ఇన్ని చూశాక మా బావమరిదికి నేను రాసినది ఇది. మెయిన్ స్ట్రీట్‌లో ఉన్నన్నాళ్లూ 35 మి.మీ. కెమెరా, పొద్దున్నే జనం పలచగా ఉన్నప్పుడు ఒక పూట, ఎండ ఎర్రబడే సాయంత్రం ఒక పూట. అక్కడ ఆగస్టులో రాత్రి 8 దాకా వెలుతురు ఉంటుంది, తొందర లేదు. ఫోన్ జేబులో ఉండాలి, ఇంజన్ల మోతకూ, చీకటి పడ్డాక వీడియోకూ, ఫోటో పంపమని అడిగినవారి ఈమెయిలు రాసుకోవడానికీ. కొండదారి మీద గడిపే ఒక్క ఉదయం కోసం పెద్ద లెన్సును కారు డిక్కీలో వేసుకుందాం. మెయిన్ స్ట్రీట్‌లోకి నడిచి వెళ్లేటప్పుడు డిక్కీ తాళం నా దగ్గరే ఉంటుంది.