ప్రైమ్95: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, భారీ ప్రధాన సంఖ్యలను వెతికే ఈ సాఫ్ట్‌వేర్‌తో నాకు ఇంతవరకు ఒక్కటి కూడా దొరకలేదు. ఔత్సాహికుల కంప్యూటర్లతో ఈ వెతుకులాట నడిపే జింప్స్ ప్రాజెక్టు ఇచ్చే 3,000 డాలర్ల బహుమతి మీద ఆశతో అయితే దీని జోలికి రావద్దు. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ ఈ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పటి నుంచి వేలమంది వెతుకుతున్నా దొరికినవి 20 కూడా లేవు.

వాడటం తేలిక. సర్వర్ ఒక ఘాతాంకం ఇస్తుంది. 2ని ఆ ఘాతానికి పెంచి 1 తీసేస్తే వచ్చేది ప్రధాన సంఖ్యో కాదో మన కంప్యూటర్ రోజుల తరబడి లెక్కేసి తేలుస్తుంది. మధ్యలో ఆపినా ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. తెర మీద దాని విండో చూస్తే మాత్రం పాతికేళ్ల నాటి ప్రోగ్రామ్‌లా ఉంటుంది, పోనివ్వండి.

నాకు బాగా నచ్చింది తప్పులు పట్టే పద్ధతి. సంఖ్య ప్రధానమో కాదో తేల్చే పాత లూకాస్-లెమర్ పరీక్షలో ఎక్కడో ఒక్క బిట్ తారుమారైతే మొత్తం శ్రమ వృథా. అందుకే అదే లెక్కను ఇంకొకరు మొదటి నుంచీ మళ్లీ చేయాల్సి వచ్చేది. ఇప్పటి పీఆర్పీ (సంభావ్య ప్రధాన సంఖ్య) పరీక్ష మధ్యమధ్యలో చేసే గెర్బిచ్ తనిఖీతో తప్పును పసిగట్టి, సరిగా ఉన్న చోటికి వెనక్కి వెళ్తుంది. చివర్లో ఒక ప్రూఫ్ ఫైల్ తయారవుతుంది. దాంతో ఇంకో కంప్యూటర్ చాలా కొద్ది పనితోనే మన ఫలితాన్ని ధ్రువీకరిస్తుంది. కాకపోతే దానికి డిస్క్‌లో కొన్ని జీబీల ఖాళీ ఉండాలి.

నా మెషిన్‌లో ర్యామ్ వేగం ఎక్కువ పెట్టడం వల్ల వచ్చే లోపం కూడా ఈ తనిఖీలోనే బయటపడింది. మిగతా ప్రోగ్రాములన్నీ అప్పటిదాకా నిక్షేపంగా నడిచాయి! 2016లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో బగ్ బయటపడింది కూడా ప్రైమ్95 నడుపుతుంటేనే.

ఇబ్బందులంటే వేడి, ఫ్యాన్ రొద, కరెంటు బిల్లు. ల్యాప్‌టాప్‌లో అసలు వద్దు. పైగా ఇప్పుడు ఆట జీపీయూల (గ్రాఫిక్స్ చిప్‌ల) చేతిలోకి వెళ్లింది. 2024 అక్టోబర్‌లో ల్యూక్ డ్యురాంట్ కనుక్కున్న 4,10,24,320 అంకెల సంఖ్య అద్దెకు తీసుకున్న క్లౌడ్ జీపీయూల మీదే దొరికింది. మామూలు సీపీయూతో ఆ పోటీకి దిగడం దండగ.

నేనైతే పీ-మైనస్-1 పనికి, అంటే ఈ సంఖ్యలకు కారణాంకాలు వెతికే పద్ధతికి మారిపోయాను. ర్యామ్ ఎక్కువుంటే ఇందులో లాభం. అప్పుడప్పుడూ ఒక కారణాంకం తగులుతుంది, ఆ సంఖ్యకు ఇక పెద్ద పరీక్ష అక్కర్లేదు.