అమెరికా పశుమాంసం దిగుమతి: జపాన్ పద్ధతి మేలా, కొరియా పద్ధతి మేలా?

2003 డిసెంబరు 23న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పాడి ఆవుకు మ్యాడ్ కౌ వ్యాధి (పశువుల మెదడును దెబ్బతీసే, మాంసం ద్వారా మనుషులకూ సోకగల జబ్బు) సోకిందన్న వార్త వెలువడగానే, జపాన్, దక్షిణ కొరియాలు రెండూ ఆ దేశపు పశుమాంసాన్ని నిషేధించాయి. అప్పటికి అమెరికా మాంసానికి జపానే అతిపెద్ద మార్కెట్, కొరియా కూడా పెద్ద కొనుగోలుదారే. వ్యాధి ఒకటే, అమ్మే దేశం ఒకటే, నిషేధం మొదలైన రోజులూ ఇంచుమించు ఒకటే. నిషేధాన్ని ఎత్తివేసిన తీరులో మాత్రం రెండింటికీ పోలిక లేదు.

తగవంతా పశువు వయసు చుట్టూ తిరగడానికి కారణం ఉంది. వ్యాధికి మూలమైన ప్రయాన్ అనే వికృత ప్రొటీన్ మెదడు, వెన్నుపాము వంటి భాగాల్లో ఏళ్ల తరబడి నెమ్మదిగా పేరుకుంటుంది. అది వంట వేడికి నశించదు, లేత పశువులో ఉన్నా పరీక్షకు దొరకదు. దాణాలో పశువుల మాంసం, ఎముకల పొడి కలపకుండా చూడవలసింది పెంచే దేశం; కొనే దేశం ప్రధానంగా పెట్టగలిగిన షరతులు రెండే: ప్రమాదకర భాగాలను కబేళాలోనే తీసివేయాలని, ఫలానా వయసు దాటిన పశువు మాంసం పంపరాదని.

అయితే అమెరికా పశువుల్లో చాలావాటికి పుట్టిన తేదీ నమోదై ఉండదు. అందుచేత కొరియా పెట్టిన 30 నెలల హద్దును అక్కడి కబేళాల్లో పళ్లు చూసి తేలుస్తారు. కింది దవడ ముందు భాగంలో పాలపళ్లు ఊడి, శాశ్వత దంతాల రెండో జత పైకి వచ్చిందంటే ఆ పశువు 30 నెలలు దాటినట్టే లెక్క. మన సంతల్లో రెండు పళ్ల కోడె, నాలుగు పళ్ల కోడె అని బేరమాడేదీ ఈ లెక్కతోనే. జపాన్ కోరిన 20 నెలల హద్దుకు పళ్ల సాక్ష్యం చాలలేదు. చివరకు కళేబరం వెన్నెముకలోని మృదులాస్థి ఎంతవరకు ఎముకగా గట్టిపడిందో చూసి ఏ40 అనే గ్రేడు ఇస్తే, దాన్ని వయసుకు రుజువుగా జపాన్ అంగీకరించింది.

ఆ 20 నెలల అంకె ఊరికే పుట్టలేదు. 2001 సెప్టెంబరులో సొంత గడ్డ మీదే తొలి కేసు బయటపడటంతో జపాన్ అదే ఏడాది అక్టోబరు నుంచి వధించే ప్రతి పశువునూ పరీక్షించడం మొదలుపెట్టింది. 2003లో 23 నెలల పశువొకటి, 21 నెలల పశువొకటి ఆ పరీక్షల్లో పట్టుబడ్డాయి. అదే ఏడాది ఏర్పడిన ఆహార భద్రతా కమిషన్ సమీక్షించిన తరువాతే, 2005 డిసెంబరులో 20 నెలల లోపు పశువుల మాంసానికి అనుమతి లభించింది. నెలన్నర తిరగకముందే టోక్యో దగ్గరి నరిటా విమానాశ్రయంలో వెన్నెముక తొలగించని దూడ మాంసం దొరికింది. జపాన్ వెంటనే దిగుమతులన్నీ ఆపివేసి, అమెరికా కబేళాలను తనిఖీ చేసి, 2006 జూలైలో మళ్లీ అనుమతించింది. ఆ తరువాత హద్దును 2013లో 30 నెలలకు పెంచింది, 2019లో పూర్తిగా తొలగించింది.

ఈ నిదానానికి జపాన్ మూల్యం చెల్లించింది. అమెరికా మాంసం మీదే ఆధారపడిన యోషినోయా అనే భోజనశాలల సంస్థ, అన్నం మీద మాంసం వేసి ఇచ్చే తన ప్రధాన వంటకాన్నే 2004 ఫిబ్రవరిలో ఆపుకోవలసి వచ్చింది. ఇక లేత పశువులను పరీక్షించడం వల్ల అదనపు రక్షణ దాదాపు లేదని కమిషన్ తేల్చినా, కేంద్రం సాయం ఆగిపోయినా, ప్రిఫెక్చర్లు (మన రాష్ట్రాల వంటి స్థానిక పాలనా విభాగాలు) సొంత ఖర్చుతో 2013 వరకు ఆ పరీక్షలు సాగించాయి. నా దృష్టిలో అది భయాన్ని ఊరడించడానికి పెట్టిన ఖర్చే.

కొరియా తొలుత ఇంకా కఠినంగా వ్యవహరించింది. 30 నెలల లోపు పశువుల ఎముకలేని మాంసానికే ఒప్పుకొని, 2006 చివరలో వచ్చిన సరుకుల్లో చిన్న ఎముక ముక్కలు కనిపించినందుకు వాటిని తిప్పి పంపింది. అదే దేశం 2008 ఏప్రిల్ 18న, అధ్యక్షుడు లీ మ్యుంగ్-బాక్ అమెరికా అధ్యక్షుడు బుష్‌తో సమావేశం కానుండగా, ప్రమాదకర భాగాలు తీసివేస్తే చాలు, వయసు హద్దు అక్కర్లేదన్నంత దూరం వెళ్లింది. శాస్త్రం మాట ఎలా ఉన్నా, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కోసం ప్రజల భోజనాన్ని బేరం పెట్టారన్న అభిప్రాయం బలపడింది. మే నెలలో మొదలైన కొవ్వొత్తుల ప్రదర్శనలు జూన్ 10 నాటికి ఎంతగా పెరిగాయంటే, సియోల్ నడిబొడ్డున పోలీసులు ఓడల కంటైనర్లను అడ్డుగా పేర్చారు. లీ రెండుసార్లు క్షమాపణ చెప్పారు. ప్రజల్లో నమ్మకం కుదిరేవరకు 30 నెలలు దాటిన పశువుల మాంసం పంపబోమని అమెరికా ఎగుమతిదారులు ఒప్పుకోవడంతో గొడవ సద్దుమణిగింది.

నేను జపాన్ పద్ధతి వైపే మొగ్గుతాను. అక్కడి హద్దు వెనుక ఒక కారణం రాసి ఉంది, కారణం బలహీనపడినకొద్దీ హద్దు సడలింది. ఆ 21, 23 నెలల పశువుల నమూనాలను ఎలుకలకు ఎక్కించి చూస్తే వ్యాధి సోకలేదన్న ఫలితం కూడా లెక్కలోకి వచ్చింది. కొరియా షరతుకు అలాంటి కొలబద్ద లేదు. నమ్మకం కుదిరిందని ఎవరు, ఏ ఆధారంతో ప్రకటించాలి? 2013లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అమెరికాను అతి స్వల్ప ప్రమాదం గల దేశంగా గుర్తించినా ఆ షరతు కదలలేదు.

ఒక్క విషయంలో మాత్రం కొరియాకే మార్కులు. 2008లోనే అక్కడ, భోజనశాలలు తాము వడ్డించే పశుమాంసం ఏ దేశానిదో రాసి పెట్టాలన్న నిబంధనను చిన్న హోటళ్లకు కూడా విస్తరించారు. జపాన్‌లో ప్రతి పశువుకూ పది అంకెల గుర్తింపు సంఖ్య ఉన్నప్పటికీ, అది అక్కడ పెంచిన పశువులకే గాని, విదేశం నుంచి వచ్చిన మాంసానికి వర్తించదు. వద్దనుకున్నవాడు మానుకోగల వీలు ఉండటం వల్లే కావచ్చు, ఇటీవలి సంవత్సరాల్లో అమెరికా పశుమాంసానికి విలువపరంగా కొరియా అగ్రశ్రేణి కొనుగోలుదారుగా నిలిచింది. అయినా 2025 వాణిజ్య చర్చల్లో 30 నెలల హద్దు తీసివేయాలని అమెరికా ఒత్తిడి తెచ్చినప్పుడు, సియోల్ ప్రభుత్వం అంగీకరించలేదు.