పది నిమిషాల సరుకుల యాప్‌లు: సంచి సరే, బిల్లు సంగతి?

విజయవాడలో పటమటలోనైనా గవర్నర్‌పేటలోనైనా సరుకు చప్పున వస్తోంది, ఆ విషయంలో మార్కులు వేయొచ్చు. పేచీ అంతా బిల్లు దగ్గరే. దాన్ని తిట్టడానికి తెలుగులో సరైన మాటల్లేవు గనక కొన్ని పుట్టించాల్సి వచ్చింది.

మొదటిది "చినుకుధర". కందిపప్పుకి ఒక రేటు చూపిస్తారు. చివరి తెర మీద హ్యాండ్లింగ్ చార్జీ, చిన్న ఆర్డర్ చార్జీ, వాన చార్జీ ఒక్కో చుక్కగా రాలతాయి. అన్నీ ఏరి, అడ్రస్ కూడా ఇచ్చాక వెనక్కి పోవడానికి ఎవరికైనా బద్ధకమే. వ్యాపారం నడిచేది ఆ బద్ధకం మీదే. మొదటి తెరనీ చివరి తెరనీ స్క్రీన్‌షాట్ తీసి పక్కపక్కన పెడితే గుట్టు బయటపడుతుంది.

మనం ఏరని విరాళమో సభ్యత్వమో ముందే టిక్కు పెట్టుకుని బుట్టలో కూర్చుంటే అది "దూరుసరుకు". డబ్బు కట్టేముందు బిల్లు వివరాలు పూర్తిగా తెరిచి ఆ టిక్కు తీసేయాలి.

సభ్యత్వం కాదనాలంటే "వద్దు, నాకు పొదుపు అక్కర్లేదు" అని మన చేతే నొక్కించేది "సిగ్గుబటన్". (మీట అంటే మరీ పుస్తకాల వాసన.)

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లని బురిడీ కొట్టించే మాయల (డార్క్ ప్యాటర్న్‌ల) మీద కేంద్రం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లోని 13 మాయల్లో ఈ మూడూ ఉన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసేటప్పుడు ఆర్డర్ నంబరు, ఆ రెండు స్క్రీన్‌షాట్‌లూ దగ్గర ఉంచుకోండి.